కౌలాలంపూర్ పాత రైల్వే స్టేషన్: ఎవరు కట్టారు, ఎందుకు పక్కకు తప్పుకుంది

మీరు అడిగినవి మూడు సంగతులు. కౌలాలంపూర్‌లో జాతీయ మసీదుకు దగ్గరగా, తెల్లని బురుజులతో, వంపుల వరుసలతో రాజభవనంలా కనిపించే ఆ కట్టడం నిజంగా రైల్వే స్టేషనేనా అన్నది మొదటిది. అంత అందమైనదాన్ని పక్కనపెట్టి సుమారు కిలోమీటరు దూరంలో మరో స్టేషన్ ఎందుకు కట్టారన్నది రెండోది. దాని పైకప్పు మంచు బరువును మోయలేదని లండన్‌లో నక్షాలు తిప్పి పంపారని గైడ్లు చెప్పే కథలో నిజమెంత అన్నది మూడోది. నేను రైల్వేలో ట్రాక్, యార్డు పనుల్లో ఉద్యోగం చేసి రిటైరైనవాడిని. మీటరు గేజి (పట్టాల మధ్య ఒక మీటరు వెడల్పు ఉండే మార్గం) స్టేషన్లతో చాలాకాలం మెలిగినందువల్ల ఏ స్టేషన్‌నైనా ముందు భవనంగా కాక, వెనక ఉన్న పట్టాల నుంచి చూడడం నాకు అలవాటు. ఈ స్టేషన్ చరిత్ర కూడా అలా చూస్తేనే సరిగ్గా అర్థమవుతుందని నా నమ్మకం. భవనం పనికిరాకపోవడం వల్ల దాన్ని వదిలేయలేదు. దాని వెనక పట్టాలకు చోటు చాలలేదు, అంతే.

ముందు ఊరి సంగతి చెప్పాలి. 1857 ప్రాంతంలో తగరం తవ్వడానికి వచ్చిన చైనా కూలీలు క్లాంగ్, గోంబాక్ నదులు కలిసే చోట దిగి, అక్కడి నుంచి అంపాంగ్ గనులకు నడిచి వెళ్ళేవారు. ఆ సంగమం దగ్గర వెలసిన అంగళ్ళూ పాకలే కౌలాలంపూర్‌కు మొదలు. చైనా వారి పెద్దగా ఉన్న యాప్ ఆహ్ లోయ్ కాలంలో ఊరు నిలదొక్కుకుంది. 1880లో బ్రిటిష్ వారు సెలంగోర్ రాష్ట్ర పరిపాలనను క్లాంగ్ నుంచి ఇక్కడికి మార్చారు. అయితే తగరం సముద్రానికి చేరాలంటే నది మీద పడవలే గతి, నదిలో నీళ్ళు తగ్గితే సరుకు నిలిచిపోయేది. సెలంగోర్ రెసిడెంటుగా, అంటే సుల్తానుకు సలహాదారు హోదాలో ఉండే బ్రిటిష్ అధికారిగా ఉన్న ఫ్రాంక్ స్వెటెన్‌హామ్ రైలు కోసం పట్టుబట్టడానికి ఇదే అసలు కారణం. మలయాలో (నేటి మలేషియా ద్వీపకల్ప భాగంలో) మొట్టమొదటి రైలు మార్గం పెరాక్‌లో, తైపింగ్ నుంచి పోర్ట్ వెల్డ్ వరకు 1885లో మొదలైంది. ఆ మరుసటి సంవత్సరం, 1886 సెప్టెంబరులో, కౌలాలంపూర్ నుంచి బుకిట్ కుడా వరకు సుమారు 19 మైళ్ళ మార్గం తెరిచారు. బుకిట్ కుడా క్లాంగ్‌కు ఇవతలి ఒడ్డున ఉంది. 1890లో నది మీద వంతెన పూర్తయ్యాకే బండి క్లాంగ్ చేరింది. 1901లో పోర్ట్ స్వెటెన్‌హామ్ రేవు తెరుచుకునేసరికి గని నుంచి ఓడ దాకా ఉక్కు పట్టాల దారి ఏర్పడింది. ఆ రేవునే ఇప్పుడు పోర్ట్ క్లాంగ్ అంటున్నారు.

అంటే ఈ ఊరికి రైలు వచ్చింది ప్రయాణికుల కోసం కాదు, తగరం కోసం. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. మొదటి స్టేషన్ రెసిడెంటు నివాసానికి దగ్గరగా ఉండడం వల్ల దాన్ని రెసిడెంట్ స్టేషన్ అన్నారు. ఆ తర్వాత నదికి అవతల, చైనా వారి బజారు వైపు, సుల్తాన్ స్ట్రీట్ స్టేషన్ వచ్చింది. ఇవి రెండూ సామాన్యమైన కట్టడాలే. గనుల బండ్లకూ, ఊరి జనానికీ అవి సరిపోయాయి.

పరిస్థితి మారింది 1896 తర్వాత. పెరాక్, సెలంగోర్, నెగెరి సెంబిలాన్, పహాంగ్ అనే నాలుగు రాష్ట్రాలను కలిపి సమాఖ్య మలయ రాష్ట్రాలుగా ఏర్పరిచి, కౌలాలంపూర్‌ను దానికి రాజధాని చేశారు. 1901లో రాష్ట్రాల రైల్వేలను ఒకటిగా కలిపి ఫెడరేటెడ్ మలయ్ స్టేట్స్ రైల్వే అన్నారు. 1903 నాటికి పెనాంగ్ ఎదుటి ప్రై నుంచి సెరెంబాన్ దాకా, 1909 నాటికి దక్షిణాన జొహోర్ బారు దాకా పట్టాలు కలిశాయి. అప్పటివరకు గనికీ రేవుకూ మధ్య కొమ్మ మార్గం మీద ఉన్న ఊరు ఒక్కసారిగా ద్వీపకల్పం పొడవునా సాగే ప్రధాన మార్గానికి నడిబొడ్డు అయింది. రాజధానికి తగిన స్టేషన్ కావాలన్న కోరిక అప్పుడు పుట్టింది.

ఆ కోరికకు రూపమిచ్చిన ఇద్దరిలో ఒకరి పేరే అందరూ చెబుతారు. ఆర్థర్ బెనిసన్ హబ్బక్ 1871లో లివర్‌పూల్‌లో పుట్టి, 1895లో సెలంగోర్ ప్రజాపనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరిన వాస్తుశిల్పి. కౌలాలంపూర్‌లో నదుల సంగమం దగ్గరున్న జామెక్ మసీదు, ఈపో రైల్వే స్టేషన్, ఈ స్టేషన్ ఎదుట ఉన్న రైల్వే ప్రధాన కార్యాలయం అన్నీ ఆయన రూపకల్పనలే. రెండో వ్యక్తి చార్లెస్ ఎడ్విన్ స్పూనర్ గురించి ఎక్కువమంది చెప్పరు, చెప్పి తీరాలని నాకు అనిపిస్తుంది. సెలంగోర్ ప్రభుత్వ ఇంజినీరుగా ఉన్నప్పుడు, ఇప్పుడు సుల్తాన్ అబ్దుల్ సమద్ భవనం అని పిలిచే సచివాలయానికి ముందు గీసిన యూరోపియన్ తరహా నమూనాను పక్కనపెట్టి, ముస్లిం వాస్తు తరహాలో గీయమన్నవాడు ఆయనే. 1901లో ఏర్పడిన ఉమ్మడి రైల్వేకు మొదటి జనరల్ మేనేజరు కూడా ఆయనే. స్టేషన్ పూర్తికాకముందే, 1909లో, ఆయన కన్నుమూశాడు. హబ్బక్ చేయి గీసింది నిజమే, కానీ ఆ నగరపు ప్రభుత్వ కట్టడాలకు ఆ రూపమే ఉండాలని తీర్మానించినది స్పూనర్. ఆ తీర్మానం ముందు జరగకపోతే హబ్బక్ ఏ గోతిక్ గోపురమో గీసి ఉండేవాడని నా అభిప్రాయం.

సుమారు 7,79,000 స్ట్రెయిట్స్ డాలర్ల ఖర్చుతో కట్టిన ఈ స్టేషన్ 1910 ఆగస్టు 1న ప్రారంభమైంది.

రూపం గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మీరు మసీదు అనుకున్నారంటే అందులో మీ పొరపాటేమీ లేదు. అలా అనిపించాలనే దాన్ని కట్టారు. మలయ్‌లు ముస్లింలు కాబట్టి వాళ్ళ దేశంలో ప్రభుత్వ భవనాలకు ఇస్లామిక్ వాస్తు తగినదని అధికారులు భావించారు. అయితే వాళ్ళు నమూనాగా తీసుకున్నది మలయ్‌ల సొంత వాస్తును కాదు. మలయ్ పల్లెల్లో మసీదులు చెక్కతో, మెట్లు మెట్లుగా పేర్చిన పెంకుల కప్పులతో ఉండేవి, వాటికి బురుజులూ ఉల్లిగడ్డ గుమ్మటాలూ లేవు. స్టేషన్ మీద ఉన్నవి మొఘల్, రాజస్థానీ తరహా ఛత్రీలు. చిన్న వేదిక మీద స్తంభాలు, వాటి మీద గుమ్మటం, కొసన కలశం లాంటి మొన. పెద్ద ఛత్రీలు భవనం మూలల్లోనూ ముఖభాగం మీదా, చిన్నవి వాటి మధ్యలోనూ నిలబడి, దూరం నుంచి చూసినప్పుడు కప్పు గీత ఎక్కడా తిన్నగా కనబడకుండా చేస్తాయి. కింది అంతస్తు వసారాల్లో గుర్రపు నాడా ఆకారపు వంపులు ఉన్నాయి. స్తంభం మీద నుంచి పైకి లేచేచోట వంపు లోపలికి ముడుచుకుని, ఆ తర్వాత విచ్చుకుంటుంది. ఆ పోకడ ఉత్తర ఆఫ్రికా, స్పెయిన్ మూర్‌లది. ఒకే గోడ మీద ఢిల్లీ, ఆగ్రా, కార్డోబా కలిసి ఉన్నాయన్నమాట.

గోడలు ఇటుకతో కట్టినవే, కానీ పూర్తిగా సున్నపు పూత వేసి తెల్లరంగు వేశారు. సుల్తాన్ అబ్దుల్ సమద్ భవనంలో ఎర్ర ఇటుకను కనిపించేలా వదిలి, వంపుల చుట్టూ మాత్రమే తెల్లగా తీర్చిన పద్ధతికి ఇది వేరు. తెల్లని పూతలో నీడలు స్పష్టంగా పడతాయి. లోతైన వసారాలు వానజల్లునూ ఎండనూ ఆపుతాయి. సంవత్సరం పొడవునా వాన పడే ఊరిలో ఆ వసారాలు అలంకారం కోసం పెట్టినవి కావు. బండి దిగిన మనిషి గుర్రపుబండి కోసమో రిక్షా కోసమో తడవకుండా నిలబడేందుకు అవి అవసరం.

మన వాళ్ళకు ఈ రూపం ఎందుకు తెలిసినట్టు అనిపిస్తుందో కూడా చెబుతాను. దీన్ని ఇండో సారసెనిక్ వాస్తు అంటారు. బ్రిటిష్ వారు దీన్ని ఎక్కువగా పెంచి పోషించిన చోట్లలో మద్రాసు ఒకటి. 1908లో తెరిచిన ఎగ్మోర్ స్టేషన్ ఇదే కుటుంబానికి చెందినది. హైదరాబాద్‌లో 1916లో నిజాం రైల్వే కట్టిన కాచిగూడ స్టేషన్‌ను, విన్సెంట్ ఎష్ రూపకల్పనగా చెప్పే ఆ భవనాన్ని, ఒకసారి ముఖభాగం ఎదుట నిలబడి చూడండి. మధ్యలో ఎత్తైన భాగం, మూలల్లో గుమ్మటాల బురుజులు, మొత్తం తెల్లరంగు. రెండింటి మధ్య ఆరేళ్ళ తేడా, దాదాపు మూడువేల కిలోమీటర్ల దూరం ఉన్నా ఒకే తరం ఆలోచన కనబడుతుంది. కాచిగూడ కూడా పుట్టుకతో మీటరు గేజి స్టేషనే. మలయా రైల్వే మొత్తం మీటరు గేజి, ఇప్పటికీ అదే. 1990ల ద్వితీయార్ధంలో మన దేశంలో గేజి మార్పిడి వల్ల ఖాళీ అయిన వైడీఎం-4 డీజిల్ ఇంజన్లు కొన్ని ఇర్కాన్ సంస్థ ద్వారా మలేషియాకు అద్దెకు వెళ్ళి ఆ పట్టాల మీద నడిచాయంటే కారణం ఇదే. దక్షిణ మధ్య రైల్వేలో మీటరు గేజి రోజులు చూసినవారికి ఆ ఇంజను రూపం పరిచయమే.

మంచు కథకు వద్దాం. పైకప్పు మూడడుగుల మంచు మోయాలన్న బ్రిటన్ నియమానికి సరిపోలేదని నక్షాలు ఆలస్యమయ్యాయని, చివరికి మంచుకు తట్టుకునే కప్పే వేశారని ఎన్నో పర్యాటక పుస్తకాల్లో రాశారు. చెప్పేవారిలో ఎవరూ దానికి కాగితం చూపరు, అందుకే దాన్ని చరిత్రగా తీసుకోవద్దని నా సలహా. ఉక్కు కప్పుల లెక్కలో గాలి ఒత్తిడి, వాననీటి బరువు, మరమ్మతుకు ఎక్కే మనుషుల బరువు కలిపి చదరపు అడుగుకు ఇంత అని అదనపు భారం వేయడం ఎక్కడైనా ఉన్నదే. అలాంటి ఒక అంకె చేతులు మారుతూ మంచు కథగా మారడానికి ఎక్కువ కాలం పట్టదు. ఆ కథ స్టేషన్ గురించి ఏమీ చెప్పదు, అయినా స్టేషన్ గురించి అందరికీ తెలిసినది అదొక్కటే కావడం నాకు బాధ కలిగించే విషయం.

1917లో రోడ్డుకు అవతల రైల్వే ప్రధాన కార్యాలయం పూర్తయింది. అదీ హబ్బక్ గీసినదే, స్టేషన్ కంటే బరువైన, ఇంకా అలంకారం ఎక్కువైన భవనం. స్టేషన్ భవనంలోనే ప్రయాణికుల కోసం హోటల్ నడిచేది. 1918లో ఉత్తరాన సియాం (నేటి థాయ్‌లాండ్) సరిహద్దు పదాంగ్ బెసార్ దగ్గర మార్గం కలిసింది. 1923లో జొహోర్ జలసంధి మీద కట్ట పూర్తయి బండ్లు నేరుగా సింగపూర్ చేరాయి. 1932లో స్టేషన్ దగ్గరే మెజెస్టిక్ హోటల్ వెలిసింది. సింగపూర్ నుంచి రాత్రి మెయిలు ఎక్కి తెల్లవారేసరికి కౌలాలంపూర్‌లో దిగడం, అక్కడ కాఫీ తాగి పెనాంగ్ వైపు బండి పట్టుకోవడం ఆ తరం వ్యాపారులకూ, అధికారులకూ, తోటల దొరలకూ అలవాటైన దినచర్య.

తోటల దొరలు అన్నాను కాబట్టి తోటల మనుషుల గురించి కూడా చెప్పాలి. మద్రాసు రాష్ట్రం నుంచి కంగాణీలు (కూలీలను పోగుచేసే మేస్త్రీలు) తీసుకువెళ్ళిన కూలీల్లో ఎక్కువమంది తమిళులైనా, గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువాళ్ళూ వేలల్లో ఉన్నారు. మద్రాసు నుంచి ఓడ ఎక్కి పెనాంగ్‌లోనో పోర్ట్ స్వెటెన్‌హామ్‌లోనో దిగి, వ్యాధుల తనిఖీ శిబిరంలో రోజులు గడిపి, అక్కడి నుంచి రబ్బరు తోటలకు చేరేవారు. దూరపు తోటలకు రైలే దారి. అదే సమయంలో రైల్వే ఉద్యోగాల్లో గుమాస్తాలుగా, స్టేషన్ మాస్టర్లుగా శ్రీలంకలోని జాఫ్నా తమిళులు, పట్టాల మీద గ్యాంగు పనివాళ్ళుగా దక్షిణ భారతీయులు ఎక్కువగా ఉండేవారు. స్టేషన్‌కు దక్షిణంగా ఉన్న బ్రిక్‌ఫీల్డ్స్‌లో రైల్వే క్వార్టర్లు ఉండేవి. ఇటుక బట్టీల వల్ల ఆ పేరు వచ్చిన ఆ పేట ఇప్పటికీ కౌలాలంపూర్‌లో భారతీయుల పేటగానే ఉంది. గోపురాల స్టేషన్‌కు వచ్చే యాత్రికులు అటు నాలుగు అడుగులు వేయకుండా వెళ్ళిపోతే స్టేషన్‌ను నడిపినవాళ్ళను చూడనట్టే.

1942 జనవరి 11న జపాన్ సైన్యం కౌలాలంపూర్‌ను పట్టుకుంది. ఆ తర్వాత మూడున్నరేళ్ళు ఈ స్టేషన్ మీదుగా జరిగిన రవాణా దాని చరిత్రలో అన్నిటికంటే చీకటి భాగం, దాన్ని ఒక్క వాక్యంలో దాటేయడం నాకు ఇష్టం లేదు. సియాం, బర్మాల మధ్య 415 కిలోమీటర్ల రైలు మార్గం కోసం సింగపూర్‌లోని యుద్ధఖైదీలను గూడ్సు పెట్టెల్లో కుక్కి ఈ ప్రధాన మార్గం మీదే ఉత్తరానికి పంపారు. ఖైదీల వెనకే తోటల కూలీలు వెళ్ళారు. మంచి జీతం అని చెప్పి కొందరిని, బలవంతంగా పట్టుకుని మరికొందరిని, పదుల వేలల్లో తీసుకువెళ్ళారు. వారిలో తమిళులతో పాటు తెలుగు కుటుంబాల వాళ్ళూ ఉన్నారు. కలరా, మలేరియా, ఆకలి వల్ల చాలామంది తిరిగి రాలేదు. ఆ పని అంత వేగంగా సాగడానికి గేజి కూడా ఒక కారణం. మలయా, సియాం, బర్మా మూడింటిదీ మీటరు గేజే కాబట్టి మలయా తూర్పు తీరపు మార్గంలో పెద్ద భాగాన్ని పీకి ఆ పట్టాలను అక్కడికి తరలించగలిగారు. ఇంజన్లూ పెట్టెలూ నేరుగా వెళ్ళగలిగాయి.

1945 ఫిబ్రవరి, మార్చి నెలల్లో అమెరికన్ బి-29 విమానాలు కౌలాలంపూర్ రైల్వే మరమ్మతు షాపుల మీద బాంబులు వేశాయి. మార్చి 10న జరిగిన దాడిలో గురి తప్పి, యార్డుకు దగ్గరగా ఉన్న సెలంగోర్ మ్యూజియం భవనంలో ఒక రెక్క కూలిపోయింది. ఆ చోటే 1963లో మలేషియా జాతీయ మ్యూజియం లేచింది. స్టేషన్ పాత ఫోటోలు చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే దాడుల లక్ష్యం గుమ్మటాల భవనం కాదని, దాని దక్షిణాన ఉన్న యార్డూ, ఉత్తరాన ఉన్న సెంటుల్ వర్క్‌షాపులూ అని అర్థమవుతుంది. యుద్ధంలో శత్రువు కూడా రైల్వే ప్రాణం ఎక్కడుందో సరిగ్గానే గుర్తించాడు.

యుద్ధం తర్వాత 1948లో మొదలైన అత్యయిక పరిస్థితి పన్నెండేళ్ళు సాగింది. అడవుల్లోని కమ్యూనిస్టు దళాలు పట్టాలు తప్పించడం వల్ల ప్రయాణికుల బండి ముందు కవచం ఉన్న ట్రాలీ నడపవలసి వచ్చేది. 1957లో స్వాతంత్ర్యం వచ్చింది, అదే సంవత్సరం మలయా రైల్వేకు మొదటి మెయిన్ లైను డీజిల్ ఇంజన్లు వచ్చాయి. ఆవిరి ఇంజన్ల పొగ తగ్గాక తెల్లని గోడలు నిజంగా తెల్లగా నిలబడడం మొదలైంది. ఆ తర్వాతి పాతికేళ్ళలో భవనం విషయంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. 1986లో మరమ్మతులు చేసి ఏసీ వెయిటింగ్ హాళ్ళు, సమాచార కౌంటర్లు ఏర్పాటు చేశారు. 1992లో రైల్వే కంపెనీగా మారింది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. అప్పుడే మరమ్మతు చేసిన స్టేషన్‌ను పదిహేనేళ్ళకే ఎందుకు వదులుకున్నారు?

స్టేషన్ కూర్చున్న చోటును గమనించండి. పడమట రోడ్డు, ఆ రోడ్డుకు అవతల ప్రధాన కార్యాలయం, దాని వెనక ఎత్తైన గుట్ట నేల. తూర్పున ప్లాట్‌ఫారాల వెనకే క్లాంగ్ నది. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నని పట్టీలో మొదట మూడు ప్లాట్‌ఫారాలు, నాలుగు లైన్లు వేశారు. రోజుకు కొద్ది బండ్లు ఉన్న కాలానికి అవి సరిపోయాయి. పక్కకు ఇంకో రెండు లైన్లు వేయాలంటే నదిలో స్తంభాలు దించాలి, లేదా భవనాన్ని కొట్టేయాలి. రెండూ కుదరని పనులు.

దానికి తోడు ఇది టెర్మినస్ కాదు, బండ్లు దాటిపోయే స్టేషన్. అలాంటి చోట ఒక బండి ఇక్కడే ప్రయాణం ముగించిందంటే ఆ రేకును (పెట్టెల వరుసను) ప్లాట్‌ఫారం మీద నుంచి తీసి, కడిగి, నీళ్ళు నింపి, ఇంజను మార్చి, తిరిగి ప్లాట్‌ఫారం మీదకు తేవాలి. ఆ పని జరిగేది దక్షిణంగా ఉన్న బ్రిక్‌ఫీల్డ్స్ యార్డులో. అంటే ప్రతి దూరప్రాంతపు బండికీ యార్డుకు ఒక ఖాళీ ప్రయాణం, యార్డు నుంచి మరో ఖాళీ ప్రయాణం, రెండూ ప్రయాణికుల బండ్లు నడిచే పట్టాల మీదే. బండ్లు కొద్దిగా ఉన్నప్పుడు ఇది ఇబ్బంది కాదు. 1995లో కొమ్యూటర్ అనే విద్యుత్ లోకల్ బండ్లు మొదలయ్యాక మాత్రం అది పెద్ద చిక్కు అయింది. రావాంగ్ నుంచి సెరెంబాన్ వెళ్ళే లోకల్, సెంటుల్ నుంచి పోర్ట్ క్లాంగ్ వెళ్ళే లోకల్, రెండూ ఈ స్టేషన్ గుండానే పోవాలి. వాటితో పాటు దూరపు బండ్లు, గూడ్సు. స్టేషన్‌లో ఒక బండి ఐదు నిమిషాలు ఎక్కువ నిలబడితే వెనక రెండు మార్గాల లోకల్ బండ్లు ఆగిపోతాయి. సమయపట్టిక వేసే పని చేసినవారెవరైనా ఈ వర్ణన చదవగానే తల పట్టుకుంటారు.

మరోవైపు 1990ల మలేషియా ఆలోచన వేరుగా ఉంది. 1998లో నగరానికి దక్షిణాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో కొత్త అంతర్జాతీయ విమానాశ్రయం తెరుచుకుంది. అక్కడి నుంచి నేరుగా నగరంలోకి వేగపు రైలు, లైట్ రైలు, మోనోరైలు, లోకల్, దూరపు బండి అన్నీ ఒకేచోట కలవాలి, దాని పైన కార్యాలయాలూ హోటళ్ళూ నిలబడాలి అన్నది పథకం. దానికి 72 ఎకరాల బ్రిక్‌ఫీల్డ్స్ యార్డు దొరికింది. జపాన్ వాస్తుశిల్పి కిషో కురొకావా ప్రణాళికతో అక్కడ కౌలాలంపూర్ సెంట్రల్ వెలిసి 2001 ఏప్రిల్ 16న మొదలైంది. అక్కడి జనం దాన్ని కేఎల్ సెంట్రల్ అంటారు. మరుసటి ఏడాది విమానాశ్రయం రైలు అక్కడి నుంచే బయలుదేరింది.

తగరం కోసం వచ్చిన రైల్వే అని మొదట్లో చెప్పినది ఇక్కడే పనికొస్తుంది. గూడ్సు బండ్లు సర్దడానికి వేసిన ఆ యార్డు అంత విశాలంగా ఉండడం వల్లే కొత్త స్టేషన్‌కు ఊరి మధ్యలో నేల దొరికింది. ఇంటికి చోటు చాలకపోతే పెరట్లో కొత్త ఇల్లు కట్టుకున్న సంసారం లాంటిది ఇది. కేంద్రం దూరానికి పోలేదు, సొంత యార్డులోకి జరిగింది. పాత స్టేషన్‌ను అన్యాయంగా వదిలేశారని బాధపడేవారికి నేను చెప్పేది ఇదే. ప్రపంచంలో చాలా నగరాల్లో ఇలాంటి ఒత్తిడి వచ్చినప్పుడు పాత భవనాన్ని కూలగొట్టి అదే చోట ఎత్తు మేడ కట్టారు. ఇక్కడ కట్టడం నిలిచింది, పట్టాలూ నిలిచాయి. ఆ విషయంలో మలేషియా రైల్వే తీసుకున్న నిర్ణయం సరైనదే అని నేను అనుకుంటున్నాను.

అయితే యార్డు పోయిన నష్టం మరొకచోట ఉంది, దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. బ్రిక్‌ఫీల్డ్స్‌లో 1905 ప్రాంతంలో రైల్వే పనివాళ్ళ కోసం కట్టిన హండ్రెడ్ క్వార్టర్స్ అనే ఇళ్ళ వరుసలను 2014లో కూల్చేశారు. గుమ్మటాల స్టేషన్ మిగిలింది, దాన్ని నడిపినవాళ్ళ ఇళ్ళు పోయాయి. వారసత్వ కట్టడాల పరిరక్షణ అనే మాటకు మనం ఇచ్చే అర్థంలోనే ఈ లోపం ఉంది, ఇది మలేషియాకు మాత్రమే చెందినది కాదు. సికింద్రాబాద్, గుంతకల్లు లాంటి రైల్వే ఊళ్ళలో పాత క్వార్టర్ల గతి చూసినవారికి ఈ మాట వేరే వివరించనక్కర్లేదు.

స్టేషన్ మూతపడిందని కొందరు అనుకునేది మాత్రం నిజం కాదు. దూరపు బండ్లకు ప్రధాన స్థానం సెంట్రల్‌కు మారింది గానీ కొమ్యూటర్ లోకల్ బండ్లు ఇప్పటికీ ఇక్కడ ఆగుతున్నాయి. దాని అసలు పేరు కౌలాలంపూర్ స్టేషన్ అనే ఉంది. స్టేషన్ భవనంలోని హోటల్ 2011లో మూతపడింది. భవనానికి అన్నిటికంటే అవసరమైనది ఆ భాగానికి తిరిగి ఒక నిత్య వినియోగం దొరకడం అని నా దృఢమైన అభిప్రాయం. వేడి తేమల ఊరిలో సున్నపు పూత గోడలు మనుషులు తిరగని గదుల్లో ముందుగా పాడవుతాయి. నీరు కారిన మచ్చను చూసి వెంటనే చెప్పేవాడు ఉండడు, కాలువలో ఆకులు తీసేవాడు ఉండడు. రంగు వేయించడం కంటే అద్దెకిచ్చి వాడించడం పాత భవనానికి ఎక్కువ మేలు.

మీరు ఈసారి వెళ్ళినప్పుడు ఎలా చూడాలో కూడా రాస్తాను. కేఎల్ సెంట్రల్ నుంచి కొమ్యూటర్ ఎక్కితే పాత స్టేషన్ తర్వాతి స్టేషనే. అలా వెళితే యార్డు ఉన్న చోటి నుంచి నది పక్క సన్నని పట్టీలోకి పట్టాలు ఎలా కుదించుకుపోతాయో కిటికీలోంచి మీకే కనబడుతుంది, నేను పైన రాసినదంతా రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. దిగాక ప్లాట్‌ఫారం కప్పును మోసే ఇనుప స్తంభాల వరుసను, దాని కింద నుంచి విద్యుత్ తీగను ఎంత ఇరుకులో తీసుకెళ్ళారో చూడండి. బయటికి వచ్చి ముఖభాగం చూడాలంటే రోడ్డు దాటి ప్రధాన కార్యాలయం వైపు నిలబడాలి. దగ్గర నుంచి ఛత్రీలు కనబడవు. నడక ఇష్టమైతే తిరుగు ప్రయాణంలో నది మీది కాలినడక వంతెన దాటి పసార్ సెనీ లైట్ రైలు స్టేషన్‌కు వెళ్ళండి. ఆ వంతెన మీద నుంచి స్టేషన్ వెనకభాగం, ప్లాట్‌ఫారాల చివరలు, నది కట్ట మూడూ ఒకేసారి కనబడతాయి. ఫోటోలు తీసేవారు ఎప్పుడూ ముఖభాగమే తీస్తారు కానీ, మీ ప్రశ్నకు జవాబు ఆ వెనక వైపే ఉంది.